మోడల్‌లో మచ్చ పెట్టినా సుడి తిరగడం లేదు

ప్రశ్న:
ప్రాజెక్టు కోసం గుండెపోటు వచ్చిన ఎడమ జఠరికకు (గుండె కింది గదికి) కంప్యూటర్ మోడల్ కడుతున్నా. సాఫ్ట్‌వేర్ ఓపెన్‌కార్ప్, కణానికి 2004 నాటి టెన్ టస్షర్ మోడల్. ఎమ్మారైలో గాడోలినియం (స్కాన్ కోసం ఎక్కించే మందు) పట్టి తెల్లగా మెరిసిందంతా మచ్చ అనుకుని అక్కడ వాహకత (కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందనే లెక్క) సున్నా చేశాను. వరసగా ఎనిమిది బీట్లు ఇచ్చి, తర్వాతది కాస్త తొందరగా ఇచ్చాను. ఏట్లో బండరాయిని చుట్టుకుపోయే నీళ్లలా కరెంటు తరంగం మచ్చను దాటి, అవతల కలిసిపోయి ఆరిపోతోంది. ఆ పేషెంటుకేమో నిజంగానే వెంట్రిక్యులర్ టాకికార్డియా (కరెంటు సుడి తిరిగి జఠరిక విపరీతమైన వేగంతో కొట్టుకోవడం) వచ్చింది. మూడు వారాలుగా ఇదే గోల. ఎల్లుండి గైడ్‌కి చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు:
మీరు పెట్టింది మచ్చ కాదండీ, చిల్లు. అసలు కథంతా అంచులో ఉంది. అక్కడ చావగా మిగిలిన కండరపు పోగులు పీచు మధ్య ఇరుక్కుని ఉంటాయి, కరెంటు వాటిలోంచి నత్తనడకన పాకుతుంది. అది బయటపడేసరికి చుట్టూ ఉన్న కండరం తేరుకుని ఉంటే మళ్లీ అంటుకుంటుంది. అదే సుడి. మంచి కండరంలో పోగు వెంట వేగం సెకనుకు సుమారు 0.6 మీటర్లు, అడ్డంగా అందులో మూడో వంతు. స్కాన్‌లో బూడిదరంగుగా కనిపించే అంచుకు వేరే లేబుల్ ఇచ్చి, అక్కడ అడ్డం వాహకత బాగా తగ్గించండి. సోడియం, పొటాషియం ప్రవాహాలు కూడా. 2016లో జాన్స్ హాప్కిన్స్ బృందం 41 మంది గుండెలకు మోడళ్లు కట్టినప్పుడూ అంచును విడిగానే చూసింది. ఇంకోటి, ఒక్కచోటి నుంచే కరెంటుతో పొడిస్తే (బీట్లు ఇస్తే) చాలదు, చోట్లు మార్చండి.

మరో జవాబు:
నేను స్కాన్ తీసే వైపు మనిషిని, ఒక మాట. మా స్లైసు మందం మామూలుగా 8 మిల్లీమీటర్లు. అందులో సగం మచ్చ, సగం మంచి కండరం పడినా బొమ్మలో బూడిదరంగే వస్తుంది. అంటే మీ అంచులో కొంత రోగిది, కొంత మా మెషీన్‌ది. ఊపిరి సరిగ్గా బిగబట్టని పేషెంటైతే ఇక చెప్పక్కర్లేదు. గుండెపోటు వచ్చిన వారంలో తీసిన స్కానా? అయితే వాపు వల్ల మచ్చ ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
లేదు సర్, రెండేళ్ల తర్వాత తీసింది. అంచు కలిపి, జఠరిక కొస నుంచి పొడిచా. రెండు చుట్లు తిరిగి ఆగింది! మెష్ (మోడల్‌ను ముక్కలు చేసిన వల) గడి 0.8 మిల్లీమీటర్లు.

జవాబు:
అంత ముతక మెష్‌లో, అదీ వాహకత తగ్గించిన చోట, అసలు లేని అడ్డంకికి కూడా తరంగం ఆగిపోతుంది. 0.25కి దించి, రాత్రికి రన్ పెట్టి పడుకోండి.