డిగ్రీ చదివి బట్టల షాపులో సేల్స్ ఉద్యోగం: ఇందులో ఎదుగుదల ఉందా?

గుంటూరు అన్న:
మా చెల్లి ఈ ఏడాదే బీకాం పూర్తి చేసింది. పెద్ద బట్టల షాపులో సేల్స్‌కి రమ్మన్నారు, తనకీ ఇష్టమే. నాన్న మాత్రం "చీరలు మడతపెట్టడానికా నిన్ను చదివించింది" అంటున్నారు. ఈ పనిలో నిజంగా ఎదుగుదల ఉందా? చేస్తున్నవాళ్లు చెప్పండి.

వరంగల్ స్టోర్ మేనేజర్:
ఉంది తమ్ముడూ. నేను ఇంటర్‌తో సూపర్‌మార్కెట్‌లో ర్యాకులు సర్దడానికి చేరాను. ముందుగా ఎక్స్‌పైరీ అయ్యే సరుకు ముందు వరసలో పెట్టాలన్నది మొదటి పాఠం. పాల ప్యాకెట్ల దగ్గర అది తప్పితే ఆ రోజు నష్టం కళ్లముందే కనబడుతుంది. తర్వాత బిల్లింగ్, ఆ తర్వాత స్టాక్. కంప్యూటర్‌లో 40 ఉండి ర్యాకులో 36 ఉంటే ఆ నాలుగూ ఏమయ్యాయో పట్టుకోవడం నేర్చుకున్నాకే నన్ను టీమ్ లీడర్‌ని చేశారు. బీకాం చదివిన అమ్మాయికి ఈ లెక్కలు నాకంటే తొందరగా వస్తాయి.

విజయవాడ, మూడేళ్లు చేసి మానేశాను:
అన్నా, మీకు స్టాక్ నేర్పినవాళ్లు ఉన్నారు. నన్ను మూడేళ్లూ ఒకే కౌంటర్‌లో నిలబెట్టారు. కస్టమర్లు లేకపోయినా కూర్చోనిచ్చేవారు కాదు. పండగ సీజన్‌లో రాత్రి పది దాటేది, వీక్లీ ఆఫ్ పోయేది. కాళ్ల వాపులతో మానేశాను. కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో చట్టం మార్చి, షాపుల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే వీలు కల్పించాలన్నారు. స్టూల్ కోసం చట్టం కావాల్సి వచ్చిందంటే ఆలోచించండి. ఆ అమ్మాయిని తొందరపెట్టకండి.

చీరల సెక్షన్, ఇరవై ఏళ్లు:
అక్క చెప్పిన కష్టం నిజం, నా మోకాళ్లకీ తెలుసు. కానీ "మడతపెట్టడం" అన్నమాట నాకు బాధ కలిగించింది. పోచంపల్లి ఇక్కత్ అని ప్రింటు చీర తెస్తే తిప్పి చూస్తాను. నేసినదైతే డిజైన్ రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది, ప్రింటుదైతే వెనక వెలిసినట్టుంటుంది. గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టు అంచు ఎలా కలిపారో చెప్పగలిగితే కస్టమర్ ధర గురించి గొడవపడరు. పెళ్లి బట్టలకు వచ్చిన పదిమందిలో నిర్ణయం ఎవరిదో ఐదు నిమిషాల్లో పసిగట్టాలి. ఇది చదువుకంటే తక్కువేమీ కాదు. ఈ నేర్పుతోనే మా దగ్గర ఇద్దరు సరుకు కొనుగోలు వైపు వెళ్లారు, ఒకామె సొంత షాపు పెట్టుకుంది.

వరంగల్ స్టోర్ మేనేజర్:
విజయవాడ చెల్లెమ్మ మాట కాదనను. ఒకే కౌంటర్‌లో ఏళ్లకేళ్లు ఉంచే చోట ఎదుగుదల ఉండదు. అందుకే చేరేముందే అడగాలి: ఏడాదిలో బిల్లింగ్, స్టాక్ రెండూ నేర్పుతారా? పీఎఫ్ కడతారా? నెల జీతం 21,000 లోపైతే ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ఆరోగ్య బీమా, ఉందా? ఈఎస్ఐకి జీతంలో ఉద్యోగి వాటా 0.75 శాతం, యజమానిది 3.25. వైద్యం ఖర్చు వచ్చినప్పుడు దాని విలువ తెలుస్తుంది. జవాబు నసిగితే అక్కడ చేరొద్దు.

విజయవాడ, మూడేళ్లు చేసి మానేశాను:
కూర్చోనిస్తారా అన్నది కూడా అడగమనండి. నేను అడగలేదు.

గుంటూరు అన్న:
నాన్నకి ఇక్కత్ గురించి రాసింది చదివి వినిపించాను. మాట్లాడలేదు గానీ, అమ్మ చీర ఒకటి తెచ్చి తిప్పి చూశారు. సోమవారం ఇంటర్వ్యూ. మీరు చెప్పిన ప్రశ్నలన్నీ చెల్లి కాగితం మీద రాసుకుంది.