కొరియాలో ఉన్నవాళ్లు చెప్పండి: పండక్కి స్పామ్ డబ్బాలు, పక్కనే బోర్డర్... భయం వేయదా?

వింజమూరు_కుర్రోడు: సువోన్‌లో ఎమ్మెస్ సీటొచ్చింది. ఇంట్లో అమ్మ "యుద్ధం వచ్చే దేశానికి ఎందుకురా" అని ఒకటే గొడవ. నాకేమో తిండి టెన్షన్. పండక్కి స్వీట్ బాక్స్ బదులు డబ్బా మాంసం ఇచ్చుకుంటారట, నిజమేనా?

సియోల్_రాము: నిజమే తమ్ముడూ. చుసోక్ అనే పంటల పండగ ముందు సూపర్‌మార్కెట్లో స్పామ్ గిఫ్ట్ ప్యాకులు గోడలా పేరుస్తారు, వంటనూనె సీసాలతో కలిపి ముస్తాబు చేసి మరీ అమ్ముతారు. మా ఆఫీసులోనూ ఇచ్చారు. ఉత్తర, దక్షిణ కొరియాల 1950-53 యుద్ధంలోనూ ఆ తర్వాతా మాంసం దొరక్క, అమెరికన్ క్యాంపుల నుంచి బయటికొచ్చిన స్పామ్, సాసేజీలు కిమ్చీలో (పులియబెట్టిన క్యాబేజీ పచ్చడి) వేసి మరగబెట్టుకుని తిన్నారు. అదే బుదే జిగే, ఇంగ్లిష్‌లో ఆర్మీ స్ట్యూ అంటారు. ఉయిజోంగ్బులో దానికోసం ఒక వీధే ఉంది. ఇప్పుడు పైన రామెన్, చీజ్ ముక్క కూడా వేస్తున్నారు. కారం మనకి సరిపోతుంది కానీ అంతా పంది మాంసమే, చూసుకో.

భయమంటావా, మెట్రో స్టేషన్లో అద్దాల బీరువాలో గ్యాస్ మాస్కులు ఉంటాయి. కొత్తలో నేను ఆగి చూసేవాణ్ణి, ఇక్కడివాళ్లు ఎవరూ అటు తల కూడా తిప్పరు.

మాజీ_జవాను: భయం ఎందుకు లేదంటే సైన్యం ఉంది కాబట్టి. 1949లో అమెరికా తన దళాల్ని వెనక్కి తీసుకుంది, దక్షిణం దగ్గర ట్యాంకులే లేవు. 1950 జూన్ 25న ఉత్తరం వాళ్లు రష్యన్ ట్యాంకులతో దిగితే సియోల్ మూడు రోజుల్లో పోయింది. ఇప్పుడు అక్కడ సుమారు 28,500 మంది అమెరికన్ సైనికులున్నారు, ఇటు కుర్రాళ్లందరికీ నిర్బంధ సేవ. 1953 తర్వాత మళ్లీ అలాంటి దాడి జరిగిందా? కర్ర లేనివాణ్ణి గొర్రె కూడా కరుస్తుంది.

పొందూరు_పద్మ: దాడి జరగలేదు సరే, దాన్ని శాంతి అంటారా సార్? 1953లో కుదిరింది కాల్పుల విరమణ, శాంతి ఒప్పందం ఇప్పటికీ లేదు. 2010లో ఇంత సైన్యం ఉండగానే దక్షిణం వాళ్ల చోనన్ యుద్ధనౌక మునిగి 46 మంది నావికులు పోయారు, అదే ఏడాది నవంబర్లో యోన్‌ప్యోంగ్ దీవి మీద ఉత్తరం వాళ్లు ఫిరంగులు పేల్చారు. మీరు చెప్పే లాజిక్కే అటువాళ్లూ చెప్పి 2006లో అణుపరీక్ష చేశారు, మా రక్షణకే అని. ఎవడి కర్ర వాడు పెంచుకుంటూ పోతే ఎక్కడ ఆగుతుంది? పోరు నష్టం, పొందు లాభం అని కూడా మనవాళ్లే అన్నారు.

ఉత్తర కొరియాలో బోర్డర్ పక్కనే రెండు దేశాలు కలిసి నడిపిన ఫ్యాక్టరీల వాడ, కేసాంగ్ సంగతి చూడండి. దక్షిణం కంపెనీలు, ఉత్తరం కార్మికులు, యాభై వేల పైచిలుకు మంది. టిఫిన్‌గా చోకో పై (చాక్లెట్ పూత పూసిన చిన్న కేకు) ఇచ్చేవాళ్లు, వాళ్లు తినకుండా దాచి బయట అమ్ముకునేవాళ్లు. 2016 ఫిబ్రవరిలో మూసేశారు. 2018లో పన్‌మున్‌జోమ్ భేటీకి ఉత్తరం అధినేత కిమ్ ప్యాంగ్యాంగ్ నుంచి చల్ల నూడుల్స్ (నేంగ్‌మ్యోన్) తెప్పిస్తే, ఆ రోజు సియోల్లో నేంగ్‌మ్యోన్ హోటళ్ల ముందు క్యూలు కట్టారు జనం.

మాజీ_జవాను: నూడుల్స్ తిన్నారమ్మా, బాగానే ఉంది. 2020 జూన్లో అదే కేసాంగ్‌లో రెండు దేశాలు మాట్లాడుకోడానికి పెట్టుకున్న ఉమ్మడి లైజన్ ఆఫీసుని బాంబులు పెట్టి లేపేశారు కదా.

పద్మ: లేపేశారు. దాన్ని మాత్రం ఏ సైన్యం ఆపింది?

పెనుకొండ_పిల్ల: మీ గొడవ మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి 😄 కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చాక మా వైపు కొరియన్ హోటళ్లు, బోర్డులు మామూలైపోయాయి. మా ఆయన పనిచేసేచోట ఒక కొరియన్ సార్ చెప్పేవారు, ఆర్మీ ట్రైనింగ్‌లో ఎప్పుడూ తీపి కోసం నాలుక పీకేదట, ఆదివారం చర్చిలో చోకో పై ఇస్తే చర్చికి, బౌద్ధాలయంలో రెండిస్తే అక్కడికి, దేవుడితో పనిలేదు. శాంతి గురించి అడిగితే, మా నాన్న కాపలా కాసిన బోర్డర్లోనే నేనూ కాశాను, మావాడూ కాస్తాడు అని ఊరుకున్నారు. అది గొప్పగా చెప్పారో విసుగ్గా చెప్పారో నాకైతే తెలియలేదు.

సియోల్_రాము: మావాడూ కాస్తాడు అనడానికి పిల్లలుండాలి కదండీ, 2023లో ఇక్కడ సంతాన రేటు 0.72, అంటే ఒక్కో ఆడమనిషికి సగటున ఒక్క బిడ్డ కూడా లేదు. మా ఆఫీసులో ఈ బాధ మిసైళ్ల కంటే ఎక్కువ వినిపిస్తుంది.

వింజమూరు_కుర్రోడు: అన్నా, నేను వెజ్ 😭 చోకో పై అయినా తినొచ్చా?

సియోల్_రాము: మనదగ్గర లోటే వాళ్లది పచ్చచుక్కతో వస్తుంది, ఇక్కడిదాంట్లో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. కిమ్చీలో కూడా మామూలుగా చేపల సాసో రొయ్యల ఉప్పో పడుతుంది, అడగకుండా తినకు. కుక్కరు, కందిపొడి, ఆవకాయ తెచ్చుకో. అమ్మకి ముందే ఇంకో మాట చెప్పిపెట్టు: ఆగస్టులో సైరన్లు మోగించి రోడ్డు మీద బండ్లు ఆపేస్తారు, అది డ్రిల్లు. ఆ టైములో వీడియో కాల్ మాత్రం చేయకు.