సిగరెట్ ముట్టని వాళ్లకూ నోటి క్యాన్సర్ వస్తుందా?

ప్రశ్న:
నాన్నకు 61 ఏళ్లు. నాలుక పక్కన, విరిగిన పన్ను మొన తగిలే చోట తెల్లటి మచ్చ, దాని మధ్య ఎర్రటి పుండు. నెల దాటినా మానలేదు. నొప్పి లేదంటారు కానీ ఆ వైపు నమలడం మానేశారు. సిగరెట్, మందు ఎప్పుడూ ముట్టలేదు. ఆయనకూ వస్తుందా? ఒకటే టెన్షన్.

జవాబు:
తక్కువే గానీ వస్తుంది. 2022లో ప్రపంచంలో దాదాపు 3.9 లక్షల మందికి కొత్తగా పెదవి, నోటి క్యాన్సర్ బయటపడింది. ఆడవాళ్లకన్నా మగవాళ్లలో రెట్టింపు పైనే. ఎక్కువమంది నలభై దాటినవాళ్లు. పొగాకు, మద్యం రెండూ కలిస్తే ముప్పు బాగా పెరుగుతుంది. పొగాకు కలపని ఉత్త వక్క కూడా కారణమే. నాన్నగారు వక్క నములుతారా?

అడిగినవారు:
భోజనం కాగానే వక్కపొడి, ముప్ఫై ఏళ్లుగా. అదీ లెక్కలోకి వస్తుందనుకోలేదు.

మరో జవాబు:
వస్తుందండీ. నాకు 44 ఏళ్లప్పుడు బుగ్గ లోపల ఇలాగే అయింది. నొప్పి లేదు కదా అని ఐదు నెలలు ఊరుకున్నాను, ఆపరేషన్ పెద్దదైంది. అన్ని పుండ్లూ క్యాన్సర్ కావు, పన్ను ఒరుసుకునీ అవుతాయి. అయితే మూడు వారాలకు మానకపోతే చూపించాల్సిందే. ముందు పంటి డాక్టరైనా సరే. బయాప్సీ అంటే భయపడకండి, మత్తిచ్చి చిన్న ముక్క తీస్తారు. ఈ వారమే తీసుకెళ్లండి.