పాకాల గేటు దగ్గర వెనక అద్దమున్న రైలు పెట్టె చూశాం, అదేమిటి?

పాకాల_కిరాణా:
మా కొట్టు రైల్వే గేటుకు ఆనుకునే ఉంది. మొన్న చంద్రగిరి వైపు నుంచి ఇంజనుకు రెండే పెట్టెలున్న బండి వచ్చింది. చివరి పెట్టె వెనక పెద్ద అద్దం, లోపల నలుగురు కుర్చీల్లో కూర్చుని పట్టాలనే చూస్తున్నారు. మా పాప "నాన్నా, వాళ్ళేం పోగొట్టుకున్నారు?" అంది. నాకు చెప్పడం రాలేదు. అంత వేగంలో కళ్ళతో చూస్తే ఏం తెలుస్తుంది?

రిటైర్డ్_కీమ్యాన్:
అది ఆఫీసర్ల ఇన్‌స్పెక్షన్ క్యారేజ్. కంకర తగ్గిన చోటు, వంపు తిరిగిన లైను చూస్తారు. కుదుపు ఒంటికి తెలుస్తుంది.

కొలిచే బండి వేరు, ట్రాక్ రికార్డింగ్ కార్. లక్నోలోని ఆర్‌డీఎస్‌వో, అంటే రైల్వే పరిశోధన సంస్థ వాళ్ళది. రెండు పట్టాల మధ్య ఉండాల్సిన దూరం, బ్రాడ్ గేజ్ 1676 మిల్లీమీటర్లకు ఎంత తేడా ఉంది, ఒక పట్టా రెండోదానికన్నా ఎంత ఎత్తుంది, మెలిక ఎంత, అన్నీ లేజర్లు, కెమెరాలతో నడుస్తూనే రాసుకుంటుంది. మేము గేజి పట్టుకుని కొలిస్తే చాలదు. పట్టాల కింద అడ్డంగా వేసే దిమ్మె, స్లీపర్, దాని కింద గుల్లగా ఉన్నా, పైన బరువు లేనప్పుడు పట్టా సమంగానే కనబడుతుంది. చక్రం ఎక్కితేనే దిగుతుంది. అందుకే బరువున్న బండే కొలవాలి.

పట్టా లోపలి పగులు మాత్రం దానికీ తెలియదు. దానికి పట్టాలోకి శబ్దం పంపి చూసే అల్ట్రాసోనిక్ ట్రాలీ ఉంది, చేత్తో తోసుకుంటూ నడుస్తారు. శబ్దం పంపే ప్రోబుకూ పట్టాకూ మధ్య నీళ్ళ పొర లేకపోతే శబ్దం లోపలికి దిగదు. ఏప్రిల్ ఎండలో చిత్తూరు వైపు బోర్ల దగ్గర ఆ ట్రాలీకి నేనే నీళ్ళు పట్టి ఇచ్చాను. మా సీసాలు ఖాళీ అయినా పట్టాకు నీళ్ళు ఆపలేదు. లోపం దొరికిన చోట రంగు పూసి పోతారు.

ఒక జనవరి తెల్లవారుజామున నా బీటులో, అంటే నేను నడిచి చూసుకునే లైనులో, వెల్డు పక్కన వేలు దూరేంత సందు కనబడింది. చలికి పట్టా ముడుచుకుంటుంది, లోపల పగులుంటే అప్పుడే తెగుతుంది. బండి వచ్చే టైము. ఎర్ర లైటు ఊపుతూ ఎదురు పరుగెత్తాను. తెగిన చోటు నుంచి 600 మీటర్ల దగ్గర ఒక డిటొనేటరు, 1200 దగ్గర పది మీటర్లకొకటి చొప్పున మూడు పెట్టాలి. చక్రం ఎక్కగానే పేలతాయి, డ్రైవరు ఆపేస్తాడు. నేను మూడోది బిగించేసరికి ఇంజను లైటు కనబడింది. ఆపాడు. ఆ రోజు చేతుల వణుకు మధ్యాహ్నం దాకా తగ్గలేదు.

రేణిగుంట_గార్డు:
పెద్దాయన చెప్పింది నిజం. ఇంకోటి కూడా ఉంది. మామూలు రైలు పెట్టెలోనే నేల మీద చిన్న యంత్రం పెట్టి, నిలువు, అడ్డం కుదుపులు ఏ కిలోమీటరులో ఎంతో రికార్డు చేస్తారు. డ్రైవరుకు గట్టి కుదుపు తగిలితే వచ్చే స్టేషనులో చెప్పి తీరాలి. పైన మంచె ఉన్న బండి కూడా కనబడితే అది టవర్ వ్యాగన్, కరెంటు తీగల వాళ్ళది.

పాకాల_కిరాణా:
అన్నా, దండం. పొద్దున్నే సుత్తి, స్పానర్ భుజాన వేసుకుని మా కొట్టు ముందు నుంచి పోయే ఆయన కీమ్యానేనా?

రిటైర్డ్_కీమ్యాన్:
ఆయనే. పట్టాను స్లీపరుకు పట్టి ఉంచే క్లిప్పులు వదులైతే ఆ సుత్తితో కొట్టి బిగిస్తాడు. పోయేటప్పుడు ఒక పట్టా, వచ్చేటప్పుడు రెండోది చూసుకుంటూ నడుస్తాడు. పాపను ఒక రోజు ఆయన దగ్గరికి తీసుకెళ్ళి చూపించు, గేటు ఇవతలే ఉండి.