ఎముకల ఆసుపత్రి పాత రోగుల రికార్డులు: ఏవి ఉంచాలి, ఎవరికి చూపాలి?

ప్రశ్న

చాలాకాలం క్రితం మూతపడిన ఒక ఎముకల ఆసుపత్రి రికార్డుల గదిని సర్దే బాధ్యత నాకు అప్పగించారు. 1920ల నుంచి 1960ల దాకా చేరిన రోగుల అడ్మిషన్ రిజిస్టర్లు, కేసు షీట్లు, గాజు పలకల మీద తీసిన ఎక్స్‌రేలు, ఫిల్ములు, చికిత్సకు ముందూ తర్వాతా తీసిన ఫోటోలు అందులో ఉన్నాయి. రోగుల్లో ఎక్కువమంది పిల్లలే. వెన్నెముక క్షయ, పోలియో, రికెట్స్ (ఎముకలు మెత్తబడి వంగిపోయే జబ్బు), పుట్టుకతో వచ్చిన వంకరపాదం అన్న మాటలే పేజీ పేజీకీ కనిపిస్తున్నాయి. రిజిస్టర్లు ఉంచితే చాలు, స్థలం లేదు కనుక కేసు షీట్లు తీసివేసి, ఫిల్ములను, వాటి పూతలోని వెండిని తీసుకునేవారికి అమ్మివేద్దామని యాజమాన్యం అంటోంది. నాకు మనసు ఒప్పడం లేదు. కానీ వారికి చెప్పడానికి గట్టి కారణం కావాలి. వీటిని పరిశోధకులకు, కుటుంబ సభ్యులకు చూపించవచ్చా అన్నది కూడా తెలియజేయగలరు.

జవాబు 1 (ఎముకల వైద్యుడు)

గట్టి కారణం మా ఎముకల వైద్యం చరిత్రలోనే ఉంది. ఇగ్నాసియో పోన్సెటి అనే వైద్యుడు 1941లో అమెరికాలోని అయోవాకు వచ్చినప్పుడు, అక్కడి ఎముకల వైద్య విభాగాధిపతి ఆర్థర్ స్టైండ్లర్ ఆయనకు అప్పగించిన తొలి పనుల్లో ఒకటి, 1921 నుంచి వంకరపాదానికి శస్త్రచికిత్స చేయించుకున్న పిల్లల ఫలితాలను పరిశీలించడం. ఆపరేషన్ అయిన పాదాలు పెద్దయ్యాక బిగుసుకుపోయి, బలహీనపడి, నొప్పి పెడుతున్నాయని అందులో తేలింది. వారం వారం ప్లాస్టర్ కట్టు మారుస్తూ పాదాన్ని మెల్లగా సరిచేసే పద్ధతిని ఆయన రూపొందించడానికి ఆ పరిశీలనే దారి చూపింది. ఇవాళ ప్రపంచమంతటా పసిపిల్లల వంకరపాదానికి మొదట చేసేది ఆ చికిత్సే.

అదే అయోవాలో 1932–1948 మధ్య వెన్ను వంకరగా ఉందని గుర్తించి, చికిత్స చేయకుండా ఉంచిన రోగులను 50 ఏళ్ల తర్వాత మళ్లీ పరీక్షించి, ఆ ఫలితాలను 2003లో ప్రచురించారు. నడుమునొప్పి కొంత ఎక్కువే అయినా, వారిలో అత్యధికులు సాధారణ జీవితమే గడిపారని దాని వల్ల తెలిసింది. తొలినాటి ఎక్స్‌రేలు లేకపోతే ఈ పోలిక సాధ్యమయ్యేదే కాదు. రిజిస్టరులో రోగి పేరు, జబ్బు పేరు, చేరిన తేదీ మాత్రమే ఉంటాయి. చికిత్స ఎలా జరిగింది, చివరికి ఏమైంది అన్నవి కేసు షీటులోనే దొరుకుతాయి. బోస్టన్ శస్త్రవైద్యుడు ఎర్నెస్ట్ కాడ్‌మన్ 20వ శతాబ్ది తొలినాళ్లలోనే ప్రతి రోగికీ ఒక కార్డు పెట్టి, కనీసం ఏడాది తర్వాత ఫలితం చూసి రాయాలని పట్టుబట్టింది ఇందుకే.

కాబట్టి దేన్ని తీసివేయాలన్న ఆలోచన కన్నా ముందు, ఒకే కేసు నంబరు ఉన్న షీటు, ఎక్స్‌రే, ఫోటో విడిపోకుండా చూడండి. నంబరు తెగిపోయిన ఎక్స్‌రే ఎవరి ఎముకో చెప్పలేని బొమ్మగా మిగిలిపోతుంది.

జవాబు 2 (రికార్డుల సంరక్షణలో పనిచేస్తున్నాను)

వీటిని కంప్యూటరులోకి స్కాన్ చేయడం గురించి ఆలోచించే ముందు ఫిల్ములను వేరుచేయండి, ఎందుకంటే ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం. ఆ కాలపు తొలి ఎక్స్‌రే ఫిల్ముల్లో కొన్ని సులభంగా నిప్పంటుకునే సెల్యులోజ్ నైట్రేట్‌తో చేసినవి. 1929 మే 15న అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ ఆసుపత్రిలో అలాంటి ఫిల్ములు అంటుకుని, ప్రధానంగా వాటి విషవాయువుల వల్ల 123 మంది చనిపోయారు. అంచున ‘సేఫ్టీ’ (తేలిగ్గా అంటుకోని రకమని సూచించే మాట) అన్న ముద్ర లేని ఫిల్ములు, జిగటగా మారినవి, గోధుమ రంగు పొడి రాలుతున్నవి కనిపిస్తే ముట్టుకోకుండా నిపుణులను పిలిపించండి. పుల్లని వెనిగర్ వాసన వస్తుంటే అది అసిటేట్ అనే మరో పదార్థంతో చేసిన ఫిల్ము; నిప్పు ప్రమాదం తక్కువే గానీ చెడిపోతోందని అర్థం, పక్కవాటికీ ఆ చెడు వ్యాపిస్తుంది. గాజు పలకలను ఒకదాని మీద ఒకటి పేర్చకండి; ఒక్కొక్కదాన్ని ఆమ్లం లేని కాగితపు కవరులో పెట్టి, పొడవాటి అంచు మీద నిలబెట్టండి. తుప్పు పట్టిన క్లిప్పులు తీసేయండి కానీ, అవి పట్టి ఉంచిన కాగితాల వరుస మార్చకండి.

జవాబు 3

చూపించడం గురించి: బ్రిటన్‌లో రోగుల రికార్డులను సాధారణంగా 100 ఏళ్లు మూసి ఉంచుతారు. అమెరికాలో ఆరోగ్య గోప్యత చట్టం రోగి చనిపోయాక 50 ఏళ్ల వరకు వర్తిస్తుంది. మీ దేశపు నియమం ఏదైనా, 1950లలో చేరిన పిల్లల్లో చాలామంది ఇంకా జీవించి ఉంటారని మరచిపోకూడదు. వెన్ను, కాళ్ల వంకర కనబడాలని ఆ కాలంలో పిల్లలను బట్టలు లేకుండా నిలబెట్టి ఫోటోలు తీసేవారు. ముఖం కనిపించే అలాంటి ఫోటోను, ఎంత పాతదైనా, ప్రదర్శనకు పెట్టడం నాకు సమ్మతం కాదు.

అయితే ఆ రోగి స్వయంగా వచ్చి అడిగితే మాత్రం ఆలస్యం చేయకుండా వెతికి ఇవ్వాలి. పోలియో వచ్చి తగ్గిన కొన్ని దశాబ్దాలకు కొందరిలో కండరాలు మళ్లీ నీరసిస్తాయి. పోస్ట్ పోలియో సిండ్రోమ్ అనే ఈ స్థితిని నిర్ధారించే వైద్యుడికి, చిన్నప్పుడు ఏ కండరం ఎంత దెబ్బతిన్నదో తెలియాలి. మీ దగ్గరున్న పోలియో షీట్లలో తొడ, పిక్క, పాదం కండరాల పేర్లు వరుసగా రాసి, ఒక్కొక్కదాని ఎదుట సున్నా (కదలికే లేదు) నుంచి 5 (పూర్తి బలం) వరకు బలాన్ని వేసిన పట్టిక ఉండే అవకాశం ఉంది. ఆ పట్టికలున్న షీట్లను ముందుగా వేరుచేసి, పేరు, పుట్టిన తేదీ ప్రకారం సూచిక తయారు చేయమని నా సలహా.