హిస్టమిన్‌కి ఎలైజానా, పాత ఫ్లోరోమీటరా?

ప్రశ్న: బేసోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) వదిలే హిస్టమిన్ (అలర్జీ లక్షణాలు తెచ్చే రసాయనం) కొలవాలి. ఎలైజా (యాంటీబాడీలతో కొలిచే పరీక్ష) కిట్ అడిగితే మా గైడ్ గారు బడ్జెట్ పాట ఎత్తుకున్నారు. ఓపీఏ (ఆర్థో-థాలాల్డిహైడ్) కలిపి, హిస్టమిన్ మెరుపును ఫ్లోరోమీటర్‌లో కొలిచే పాత పద్ధతితో నెట్టుకురావచ్చా?

జవాబు 1: భేషుగ్గా. 1959లో షోర్ బృందం ఇచ్చిన పద్ధతే కదా. క్షారంలో ఓపీఏ కలపండి, ఆమ్లంతో ఆపండి, 360 దగ్గర వెలుగు పంపి 450 నానోమీటర్ల దగ్గర చదవండి. హిస్టమిన్‌ని బ్యూటనాల్‌లోకి లాగి వేరుచేసే స్టెప్ మాత్రం ఎగ్గొట్టకండి. కణాల్లో ఉండే హిస్టిడిన్, స్పెర్మిడిన్ కూడా మెరిసి రీడింగ్‌ని పాడుచేస్తాయి. నా ఓటు దీనికే.

జవాబు 2: ఎలైజాలోనూ ఎసైలేషన్ (హిస్టమిన్‌కి ఒక ఎసైల్ గుంపు తగిలించడం) తప్పదండీ, యాంటీబాడీ పట్టుకోవడానికి అణువు మరీ చిన్నది. పైగా కాంపిటీటివ్ పద్ధతి, అంటే శాంపిల్‌లోని హిస్టమిన్, కిట్‌లోని హిస్టమిన్ యాంటీబాడీ కోసం పోటీపడతాయి: రంగు తగ్గితే హిస్టమిన్ ఎక్కువన్నమాట. కొత్తవాళ్లు గ్రాఫ్ తిరగేసి చదువుతారు!

జవాబు 3: ప్లాస్మా జోలికి వెళ్తే ఏ మెషీనైనా ఒకటే. రక్తంలో హిస్టమిన్ నిమిషాల్లో మాయం. ఈడీటీఏ (రక్తం గడ్డకట్టనివ్వని రసాయనం) ట్యూబు ఐసులో పెట్టండి, కుదపకండి, వెంటనే సెంట్రిఫ్యూజ్‌లో చల్లగా తిప్పండి. బేసోఫిల్స్ చితికితే అంకె ఉత్తినే పెరుగుతుంది.

ప్రశ్న అడిగినవారు: ప్లాస్మా కాదండీ, కడిగిన కణాలే. బ్యూటనాల్ ఆర్డరు పెట్టేస్తున్నా.