విదేశీ చట్టం కోసం చందా డేటాబేస్ కొనాల్సిందేనా, ఉచిత సైట్లు చాలవా?

పురానీ హవేలీ జూనియర్:
మా చాంబర్‌లో వారం రోజులుగా ఇదే వాదన. ఎన్నారై విడాకులు, గల్ఫ్ జీతాల కేసులు బాగా పెరిగాయి. చందా డేటాబేస్ (డబ్బు కట్టి చట్టాలు, తీర్పులు వెతుక్కునే ప్రైవేటు సైట్) లేకుండా విదేశీ చట్టం జోలికి పోవద్దంటారు మా సీనియర్ గారు. నేను ఒప్పుకోను. బ్రిటన్ చట్టాలు చాలావరకు వాళ్ల నేషనల్ ఆర్కైవ్స్ సైట్లో ఉన్నాయి. 2022 నుంచి తీర్పులు కూడా అదే సంస్థ పెడుతోంది. పాతవాటికి 2000లో మొదలైన బెయిలీ అనే ఉచిత తీర్పుల సైట్ ఉంది. యూరోపియన్ యూనియన్ చట్టాలు యూర్-లెక్స్‌లో 24 భాషల్లో చదువుకోవచ్చు.

మొన్న అమెరికా నుంచి బిడ్డతో కూకట్‌పల్లి వచ్చేసిన ఒక తల్లి ఫైల్ వచ్చింది. పిల్లల అపహరణ మీద 1980లో చేసుకున్న హేగ్ ఒప్పందం మనకు వర్తిస్తుందా అన్నది మొదటి ప్రశ్న. ఏ దేశాలు చేరాయో చూపే పట్టిక హేగ్ కాన్ఫరెన్స్ సైట్లోనే ఉంది. తెరిచాను. అమెరికా ఉంది, ఇండియా లేదు. రెండు నిమిషాల పని, పైసా ఖర్చు లేదు. స్టైపెండ్ మీద బతికే జూనియర్‌ని డాలర్లలో చందా కట్టమనడం న్యాయమేనా?

రెడ్‌హిల్స్ వకీల్:
తమ్ముడూ, చట్టం కాపీ దొరకడం వేరు, చట్టం తెలియడం వేరు. నువ్వు చెప్పిన బ్రిటన్ సైట్లోనే కొన్ని చట్టాల పైన, ఇంకా చేర్చని సవరణలు ఉన్నాయని హెచ్చరిక ఉంటుంది. అది చూడకుండా ప్రింట్ కొట్టేవాళ్లను నేను చాలామందిని చూశాను. తీర్పుల సంగతి ఇంకా కష్టం. బెయిలీలో తీర్పు దొరుకుతుంది గానీ, తర్వాత అప్పీల్లో నిలిచిందా, కొట్టేశారా అన్నది ఆ పేజీ చెప్పదు. "ఈ రూలింగ్ ఇప్పటికీ నిలబడే ఉందా?" అని జడ్జి గారు అడిగితే ఏం చెప్తావు? నేను డబ్బు కట్టేది ఆ ఒక్క జవాబు కోసమే.

అమెరికా అయితే మరీను. విడాకుల చట్టం రాష్ట్రానికొకటి. తిరుపతిలో పెళ్లయిన జంటకు మిస్సోరీ కోర్టు ఇచ్చిన విడాకులు చెల్లవని మన సుప్రీంకోర్టు 1991లో వై. నరసింహారావు కేసులో చెప్పింది. మిస్సోరీలో 90 రోజుల నివాసం చూపించి తెచ్చుకున్న డిక్రీ అది. అమెరికా చట్టం అని వెతికితే ఆ 90 రోజుల ముక్క ఎక్కడ దొరుకుతుంది?

గల్ఫ్ ఫైళ్లు చూసే అక్క:
నా దగ్గరున్న ఒక ఫైల్ చెప్తా. జగిత్యాల అబ్బాయి, దుబాయ్‌లో మూడున్నరేళ్లు చేసి రాజీనామా ఇచ్చి వచ్చాడు. బేసిక్ 1,800 దిర్హాములు. ఏదో ప్రైవేటు సైట్లో చూసి, రాజీనామా చేస్తే గ్రాట్యుటీలో మూడింట రెండొంతులే వస్తుందని 2,940 దిర్హాములకు లెక్క రాసుకొచ్చాడు. అది 1980 నాటి చట్టం. 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉన్న కొత్త కార్మిక చట్టం ఆ కోత ఎత్తేసింది. అబ్బాయి ఉద్యోగంలో చేరిందే ఆ తర్వాత. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్. రోజుకు 60 చొప్పున ఏడాదికి 1,260, మూడున్నరేళ్లకు 4,410. అంటే 1,470 దిర్హాములు వదులుకునేవాడు. ఆ డబ్బు వాళ్ల ఇంట్లో ఎన్ని నెలల కిరాణా!

సరైన చట్టం నాకు యూఏఈ ప్రభుత్వ సైట్లోనే దొరికింది, ఉచితంగా. తప్పుడు లెక్క ఇచ్చింది కూడా ఉచిత సైటే. కాబట్టి ఎవరు పెట్టారు, ఏ తేదీ నాటిది అన్నవి ముందు చూడాలి.

ఓయూ లా విద్యార్థి:
అన్నా, ఇంత తిరుగుడెందుకు? ఏఐని అడిగితే సైటేషన్లతో సహా ఇస్తోంది కదా.

రెడ్‌హిల్స్ వకీల్:
వద్దు నాన్నా. 2023లో న్యూయార్క్‌లో అవియాంకా విమాన సంస్థ మీద వేసిన కేసులో, చాట్‌జీపీటీ పుట్టించిన లేని తీర్పుల్ని దాఖలు చేసినందుకు 5,000 డాలర్ల జరిమానా పడింది.

పురానీ హవేలీ జూనియర్:
సార్, అప్పీల్ సంగతి ఒప్పుకుంటున్నా. తీర్పు పేరుతో మళ్లీ వెతికి, దాన్ని ప్రస్తావించిన తర్వాతి తీర్పులన్నీ నేనే చదువుతాను. ఒక్కోసారి రెండు సాయంత్రాలు పోతాయి. కానీ చట్టం విషయంలో ప్రభుత్వ సైటుదే పైచేయి. విదేశీ చట్టానికి ఆ దేశ ప్రభుత్వ అధికారంతో అచ్చయిన పుస్తకం చూపొచ్చని పాత ఎవిడెన్స్ యాక్ట్ 38వ సెక్షన్ చెప్పేది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 32వ సెక్షన్ దానికి ఎలక్ట్రానిక్, డిజిటల్ రూపాన్ని కూడా చేర్చింది. ప్రైవేటు కంపెనీ కాపీకి ఎంత చందా కట్టినా ఆ ప్రభుత్వ అధికారం రాదు కదా?

రెడ్‌హిల్స్ వకీల్:
మంచి పాయింటే. కానీ 32 కింద కాగితం లోపలికి వస్తుంది, అంతే. అవతలివాళ్లు దాని అర్థం మీద తగాదా పెడితే 39వ సెక్షన్ కింద నిపుణుడు రావాలి. ఆయన్ని క్రాస్ ఎగ్జామిన్ చేయాలంటే నువ్వు ఆ చట్టాన్ని వివరించే పుస్తకాలు, అంటే కామెంటరీలు, చదివి ఉండాలి. మంచి కామెంటరీలు ఉచితంగా దొరకవు. నా చందా నేను కడుతూనే ఉంటాను.

గల్ఫ్ ఫైళ్లు చూసే అక్క:
జగిత్యాల ఫైల్లో ప్రింట్ మీద పేజీ చిరునామా, తీసిన తేదీ రాసి సంతకం పెట్టాను. ఇంగ్లిష్ కాపీకీ అరబిక్‌కీ తేడా వస్తే అక్కడ అరబిక్‌దే చెల్లుబాటు. నోటీసు సోమవారం పంపాలి. మల్లేపల్లి, మెహిదీపట్నం వైపు చట్టాల్లో వాడే అరబిక్ చదవగలిగే అనువాదకులు తెలిస్తే ఇక్కడే చెప్పండి.